గోడ అడ్డని ఎవరన్నారు?

మొబైల్‌లో ఆడే పజిల్ గేమ్ ఉద్యోగం తెచ్చిపెట్టదు. తెలివినీ పెంచదు. కానీ ఒక ప్రశ్న చదివేటప్పుడు మనం ఎక్కడ తడబడుతున్నామో చూపిస్తుంది. ప్లేస్‌మెంట్స్‌కీ, పోటీ పరీక్షలకీ సిద్ధమవుతున్నవాళ్లకి అది చిన్న లాభమేమీ కాదు.

ఫోన్ తెర మీద నాలుగు పక్కలా గోడలు. మధ్యలో కుందేలులాంటి చిన్న తెల్లటి జంతువు. పేరు బాబా. గోడ అవతల జెండా ఉంది. దాన్ని చేరాలి. తలుపు లేదు, తాళంచెవి లేదు, గోడ దూకడం కుదరదు. అయితే బాబా పక్కనే మూడు పలకలు వరసగా ఉన్నాయి: ‘వాల్’, ‘ఈజ్’, ‘స్టాప్’. గోడ ఆపుతుంది అని వాటి అర్థం. బాబా వెళ్లి అందులో ఒక పలకని పక్కకి నెడుతుంది. వాక్యం విడిపోతుంది. అంతే, గోడ ఇక అడ్డు కాదు. బొమ్మ అక్కడే ఉంటుంది, బాబా దాని మీదుగా నడిచి వెళ్లిపోతుంది.

మొదటిసారి ఆడేవాళ్లలో చాలామంది ఈ పని చేయడానికి ముందు గోడ చుట్టూ తిరుగుతారు. సందు ఉందేమోనని వెతుకుతారు. ‘గోడ అంటే ఆపేదే కదా’ అన్నది మనకి ఎవరూ చెప్పక్కర్లేని సంగతి. సరిగ్గా అక్కడే ఈ ఆట మనల్ని పట్టుకుంటుంది.

నియమాలే పలకలు

ఈ ఆట పేరు ‘బాబా ఈజ్ యూ’. పెద్ద కంపెనీ ఏదీ లేకుండా, ఒకరిద్దరో చిన్న బృందమో సొంతంగా తయారుచేసే ఆటల్ని ఇండీ గేమ్స్ అంటారు. ఇది ఆ కోవలోది. 2019 మార్చిలో కంప్యూటర్‌కీ నింటెండో స్విచ్‌కీ వచ్చింది. 2021లో ఆండ్రాయిడ్, ఐఫోన్లలోకి వచ్చింది. ఇందులో 200కు పైగా లెవెల్స్ ఉన్నాయి.

మామూలు ఆటల్లో నియమాలు వేరు, ఆడే స్థలం వేరు. ఇందులో నియమాలు కూడా తెర మీదే, నెట్టగలిగే పలకల రూపంలో ఉంటాయి. ‘రాక్ ఈజ్ పుష్’ అని ఉంటే రాయిని నెట్టొచ్చు. ‘ఫ్లాగ్ ఈజ్ విన్’ అని ఉంటే జెండాని తాకితే గెలుపు. ఆ ‘ఫ్లాగ్’ స్థానంలో ‘రాక్’ పలక చేర్చితే రాయిని తాకినా గెలుపే. ‘బాబా ఈజ్ యూ’లో ‘బాబా’ని తప్పించి ‘వాల్’ పెడితే ఇక మీరే గోడ, తెర మీదున్న గోడలన్నీ మీ వేలితో పాటు కదులుతాయి. పొరపాటున ‘యూ’ అనేది దేనికీ వర్తించకుండా చేసుకున్నారనుకోండి, పాట ఆగిపోతుంది. కదిలేవాళ్లెవరూ ఉండరు. అన్‌డూ నొక్కి వెనక్కి రావాల్సిందే.

తెలుగులో ‘రాయి బరువు’ అంటే చాలు, వాక్యం పూర్తయిపోతుంది. ఇంగ్లిష్‌కి మధ్యలో ‘ఈజ్’ కావాలి. ఈ ఆటంతా మనకి అక్కర్లేని ఆ చిన్న మాట చుట్టూనే తిరుగుతుంది. ఇంగ్లిష్ అంతగా రాదనుకునేవాళ్లు కూడా జంకక్కర్లేదు. ఇందులో ఉన్నవన్నీ రాయి, గోడ, నీళ్లు, తాళంచెవి లాంటి చిన్న చిన్న మాటలే.

టైమర్ లేదు. ప్రాణాలు అయిపోవడం, అరగంట ఆగమనడం లేదు. ఎన్ని అడుగులైనా వెనక్కి తీసుకోవచ్చు. మధ్యలో యాడ్స్ రావు. అందుకే ఇరుక్కున్నప్పుడు నెపం వేయడానికి ఏమీ మిగలదు. టైమ్ చాల్లేదనో, వేలు జారిందనో అనలేం. మీరూ, మీ ఆలోచనా, అంతే.

48 గంటల్లో పుట్టిన ఆలోచన

ఈ ఆట తయారుచేసిన ఆర్వి టెయికరి ఫిన్లాండ్‌వాడు. అప్పటికి విద్యార్థి. 2017లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో నార్డిక్ గేమ్ జామ్ జరిగింది. గేమ్ జామ్ అంటే ఇచ్చిన అంశం మీద రెండు మూడు రోజుల్లో ఒక ఆట తయారుచేసి చూపించాలి. మన కాలేజీల్లో జరిగే హ్యాకథాన్ లాంటిదే. ఆ ఏడాది ఇచ్చిన అంశం ‘నాట్ దేర్’. అక్కడ లేదు అని.

అందులోని ‘నాట్’ అన్న మాట దగ్గర అతని ఆలోచన ఆగింది. ప్రోగ్రామింగ్ చదివేవాళ్లకి ‘అండ్, ఆర్, నాట్’ తెలిసిందే కదా. లావా మీద మంచుగడ్డ పడితే కరిగిపోవాలి. కానీ పక్కనే ‘ఐస్ ఈజ్ నాట్ మెల్ట్’ అని రాసి ఉంటే? కరగదు. ఆ ఊహని పట్టుకుని ఆట మొదటి రూపం తయారుచేశాడు. ఆ జామ్‌లో అదే గెలిచింది. 2018లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో ఉత్తమ విద్యార్థి గేమ్ అవార్డుతో పాటు డిజైన్ అవార్డు కూడా దీనికే వచ్చింది. పూర్తి ఆట బయటికొచ్చింది మాత్రం 2019లో.

ఆలోచనకి పట్టింది ఒక వారాంతం, దాన్ని పూర్తిచేయడానికి పట్టింది దాదాపు రెండేళ్లు. కాలేజీ ప్రాజెక్టు చేసే ప్రతి ఒక్కరూ ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోవాలి. హ్యాకథాన్‌లో బహుమతి రాగానే గిట్‌హబ్‌లో పడేసి మర్చిపోయిన ప్రాజెక్టులు మీ క్లాసులో ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కేయండి.

ఇరుక్కున్నచోటే అసలు పాఠం

పజిల్ గేమ్‌లో మనం ఎక్కువసేపు చేసేది గెలవడం కాదు, ఇరుక్కోవడం. ఇరుక్కున్నప్పుడు మామూలుగా మూడు పనులు చేస్తాం. ఒకటి, పనికిరాని ఎత్తునే మళ్లీ మళ్లీ వేయడం. రెండు, రీస్టార్ట్ కొట్టి మళ్లీ అదే దారిలో రావడం. మూడు, యూట్యూబ్‌లో జవాబు చూసేయడం. నాలుగో పని ఒకటుంది. ఆగి, ఒక ప్రశ్న వేసుకోవడం: ‘నేను కచ్చితం అనుకుంటున్నవాటిలో, నిజంగా తెర మీద రాసి ఉన్నవి ఎన్ని?’

ఒక లెవెల్ దగ్గర ఆగిపోయినప్పుడు కాగితం తీసుకుని రెండు వరసలు రాయండి. మొదటిదానికి ‘రాసి ఉన్నవి’ అని పేరు పెట్టండి. రెండోదానికి ‘నేననుకున్నవి’. గోడ ఆపుతుంది అని తెర మీద ఉంటే మొదటి వరసలో రాయండి. జెండానే తాకాలి, బాబానే కదలాలి, తాళంచెవితో తలుపే తెరవాలి లాంటివి తెర మీద లేకపోతే రెండో వరసలో రాయండి. చాలాసార్లు దారి ఆ రెండో వరసలోనే దొరుకుతుంది.

అలాగని అన్ని గోడలూ పడిపోవు. ఈ ఆటలో పలకల్ని నెట్టగలం గానీ లాగలేం. ఒక వాక్యాన్ని తెర మూలకి ఆనించి పెట్టారంటే దాన్ని విడదీయడం మన తరం కాదు. అది నిజమైన నియమం. ఏది నిజమైన నియమం, ఏది మనం కల్పించుకున్నది అని తేల్చుకోవడమే ఇక్కడ చేయాల్సిన పని. ‘అన్నీ ప్రశ్నించు’ అని ఊరికే చెప్పడం తేలిక. దేన్ని ప్రశ్నించాలో, దేన్ని ఒప్పుకోవాలో తెలియడం కష్టం.

పరీక్ష పేపర్లో అదే గోడ

ఇదంతా ఆట వరకే అనుకోకండి. మీ ముందున్న పేపర్లలో ఇదే గోడ రోజూ ఎదురవుతుంది. మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది బ్యాంకు పరీక్షల రీజనింగ్. ‘ఎనిమిది మంది గుండ్రని బల్ల చుట్టూ కూర్చున్నారు’ అని చదవగానే చేయి దానంతటదే వృత్తం గీసి, అందరి ముఖాలూ లోపలికి తిప్పేస్తుంది. వందసార్లు అలాగే చేసి ఉంటాం కాబట్టి. కానీ ఆ ప్రశ్నలో ‘కొందరు బయటికి చూస్తున్నారు’ అని ఉంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. పది నిమిషాలు కష్టపడి వేసిన పటం, దాని కింది అయిదు ప్రశ్నలూ పోతాయి. అక్కడ పోయింది లెక్క రాక కాదు, లేని నియమాన్ని ఉందనుకున్నందుకు.

రెండోది ఇంటర్వ్యూల్లో తరచూ వినిపించే పాత ప్రశ్న. ఎనిమిది బంతులున్నాయి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. ఒకటి మాత్రం కాస్త బరువు. తక్కెడతో కనీసం ఎన్ని తూకాల్లో దాన్ని కచ్చితంగా పట్టుకోవచ్చు? చాలామంది నాలుగూ నాలుగూ పెడతారు. తర్వాత రెండూ రెండూ, ఆపై ఒకటీ ఒకటీ. మొత్తం మూడు తూకాలు. జవాబు రెండే. మొదట మూడూ మూడూ తూచి, రెండు పక్కన పెట్టాలి. తక్కెడ సమంగా ఉంటే బరువైంది ఆ పక్కన పెట్టిన రెండిట్లో ఉన్నట్టు. వాటిని తూస్తే తేలిపోతుంది. ఒక పక్క మొగ్గితే ఆ మూడిట్లోంచి రెండు తీసి తూచాలి. ఏదైనా మొగ్గితే అదే, సమంగా ఉంటే మూడోది. బంతులన్నీ తక్కెడలో పెట్టాలని ప్రశ్నలో ఎక్కడా లేదు. అది మనం కట్టుకున్న గోడ. అది తీసేస్తే తొమ్మిది బంతులైనా రెండు తూకాలే, ఇరవై ఏడైతే మూడు.

మూడోది కోడింగ్ రౌండ్. ‘ఇచ్చిన సంఖ్యల్లో రెండో పెద్దది కనుక్కోండి’ అని అడుగుతారు. ఫ్రెషర్లకి బాగా తెలిసిన ప్రశ్నే. వెంటనే మొదలుపెట్టి, మొదటి పెద్దదాన్నీ రెండో పెద్దదాన్నీ సున్నా దగ్గర ఉంచి లూప్ రాసేస్తాం. సంఖ్యలన్నీ మైనస్‌లో ఉంటే ఆ ప్రోగ్రామ్ సున్నా అని చెప్పి ఊరుకుంటుంది. అసలు ఆ జాబితాలో సున్నానే లేకపోయినా సరే. ఇచ్చినవి 5, 5, 5 అయితే రెండో పెద్దది ఏది? ఒకే ఒక్క సంఖ్య ఇస్తే? కోడ్ రాయకముందే ఈ రెండు మూడు సందేహాలు గట్టిగా అడిగినవాళ్లని ఇంటర్వ్యూ చేసేవాళ్లు వేరేగా చూస్తారు. ఎందుకంటే ఉద్యోగంలో క్లయింట్ చెప్పనివాటిని అడిగి తెలుసుకోవడమే సగం పని.

మెదడు పదునెక్కుతుందా?

ఇక్కడ కాస్త నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. ‘ఈ గేమ్ ఆడితే మీ ఐక్యూ పెరుగుతుంది’ అని యాడ్స్ వస్తుంటాయి. నమ్మకండి. 2010లో ‘నేచర్’ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 11,430 మంది ఆరు వారాల పాటు కంప్యూటర్ మీద మెదడు వ్యాయామాలు చేశారు. ఏ వ్యాయామం చేశారో అందులో మెరుగయ్యారు. కానీ ఆ మెరుగుదల దాన్ని పోలిన వేరే పరీక్షల్లోకి కూడా చేరినట్టు ఆధారం కనిపించలేదు. 2016 జనవరిలో లుమోసిటీ అనే ప్రసిద్ధ బ్రెయిన్ ట్రైనింగ్ యాప్ కంపెనీ, ఆధారాలు లేని ప్రచారం చేసిందన్న అభియోగం మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకొచ్చి 20 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

కాబట్టి రోజూ పజిల్ ఆడితే ఆప్టిట్యూడ్ మార్కులు వాటంతటవే పెరుగుతాయని లెక్కేసుకోవద్దు. రీజనింగ్‌లో మార్కులు కావాలంటే రీజనింగ్ ప్రశ్నలే చేయాలి. పాత పేపర్లే తిరగేయాలి. ఆట నుంచి దొరికేది ఒక్కటే. ‘రాసి ఉన్నది ఏది, నేననుకున్నది ఏది’ అని ఆగి చూసే అలవాటు. అది కూడా ఆటలో వదిలేస్తే అక్కడే ఉండిపోతుంది. పుస్తకం దగ్గరికొచ్చి పనిగట్టుకుని వాడితేనే మీదవుతుంది.

గేమ్స్ రూపంలో ఉండే పరీక్షల సంగతి వేరు. క్యాప్‌జెమినీ లాంటి కంపెనీలు క్యాంపస్ ఎంపికల్లో గేమ్ ఆధారిత ఆప్టిట్యూడ్ రౌండ్ పెడుతున్నాయి. గుర్తుల వరుస ఎలా మారిందో చూసి కోడ్ కనుక్కోవడం, చుక్కల స్థానాలు గుర్తుపెట్టుకోవడం, అడ్డున్న దిమ్మెల్ని జరిపి బంతికి దారి చేయడం లాంటివి వాటిలో ఉంటాయి. అవి టైమర్‌తో నడుస్తాయి. జ్ఞాపకశక్తినీ వేగాన్నీ కొలుస్తాయి. తీరిగ్గా ఆలోచించే ఇండీ పజిల్‌కీ వాటికీ పోలిక తక్కువ. వాటికి ఆ తరహా నమూనా పరీక్షలే సాధన చేయాలి. పద్ధతి మారుతూ ఉంటుంది కాబట్టి కంపెనీ పంపే సూచనల్ని ఆ ఏడాదికి ఆ ఏడాది చదువుకోవాలి.

ఎలా ఆడితే పనికొస్తుంది?

రోజుకి ఇరవై నిమిషాలు చాలు. అలారం పెట్టుకోండి. చదువు మధ్యలో కాకుండా, ఒక సబ్జెక్టు ముగించి మరోటి మొదలుపెట్టే ముందు ఆడండి. ఫోన్ డేటా ఆపేస్తే ఇంకా మంచిది. ఆట తెరిచి రీల్స్‌లో తేలే ప్రమాదం ఉండదు.

మొదటి నిమిషం ఏమీ కదపకండి. తెర మీద ఉన్న ప్రతి వాక్యాన్నీ చదవండి. ఏవి విడదీయగలం, ఏవి మూలన ఇరుక్కుని ఉన్నాయి, ఏ పలక విడిగా ఉంది అని చూడండి. పరీక్షలో ప్రశ్న చదవడానికి తీసుకోవాల్సిన టైమ్ కూడా ఇదే.

తర్వాత గెలుపు వైపు నుంచి వెనక్కి రండి. జెండాని తాకాలంటే నీళ్లు దాటాలి. నీళ్లు దాటాలంటే ఏ వాక్యం విరగాలి? అది విరగాలంటే ఎటు నుంచి నెట్టాలి? లెక్కల్లో రుజువుకీ, పెద్ద ప్రోగ్రామ్‌ని ముక్కలు చేసుకోవడానికీ పనికొచ్చే పద్ధతి ఇదే.

ఒక ఊహ తట్టగానే దాన్ని పరీక్షించే అతి చిన్న ఎత్తు వేయండి. కాకపోతే అన్‌డూ. ఒకేసారి మూడు మార్పులు చేస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలీదు. కోడ్‌లో తప్పు వెతికేటప్పుడూ అంతే, ఒకసారికి ఒక్క మార్పు.

పది నిమిషాలకీ కదలకపోతే రెండు వరసల కాగితం తీయండి. అప్పటికీ రాకపోతే ఆపేయండి. మరుసటి రోజు చూడండి. వీడియో చూడాలనిపిస్తే మూడు రోజులు ఆగాకే చూడండి. చూసినా, జవాబు తెలిసింది కదా అని ముందుకెళ్లిపోకండి. ‘నాకు ఇది ఎందుకు తట్టలేదు?’ అన్నదానికి ఒక్క వాక్యం రాసి వెళ్లండి. వారం తర్వాత ఆ వాక్యాలన్నీ కలిపి చదివితే మీ గురించి మీకొక సంగతి తెలుస్తుంది. కొందరు ప్రశ్న పూర్తిగా చదవరు. కొందరు మొదట తట్టిన దారిని వదలరు. కొందరు తేలిక దారి ఉంటుందని నమ్మలేక కష్టమైందే వెతుకుతారు. ఇలాంటి సంగతి ఏ మాక్ టెస్ట్ మార్కుల పట్టికలోనూ కనపడదు.

డబ్బు పెట్టాలా?

‘బాబా ఈజ్ యూ’ కొనుక్కోవాల్సిన ఆట. ఒకసారి కొంటే అంతే, లోపల మళ్లీ డబ్బు అడగదు. హాస్టల్ ఖర్చుల మధ్య అది భారమైతే, ఉచితంగా దొరికేది ఒకటుంది. సైమన్ టాథమ్ పజిల్ కలెక్షన్. కంప్యూటర్ సైన్స్ ల్యాబ్‌లో సర్వర్‌కి కనెక్ట్ కావడానికి వాడే ‘పుట్టీ’ గుర్తుందా? దాన్ని రాసిన సైమన్ టాథమే దీన్నీ మొదలుపెట్టాడు. దాదాపు 40 రకాల లాజిక్ పజిల్స్ ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో దొరుకుతుంది. యాడ్స్ లేవు, నెట్ అక్కర్లేదు. సోర్స్ కోడ్ కూడా అందరికీ తెరిచి ఉంది. సి భాష నేర్చుకునేవాళ్లు ఆడి, తర్వాత ఆ కోడ్ చదవొచ్చు.

కోడింగ్ ఉద్యోగాల వైపు చూసేవాళ్లకి మరో ఆట ‘హ్యూమన్ రిసోర్స్ మెషీన్’. 2015లో టుమారో కార్పొరేషన్ అనే చిన్న బృందం తెచ్చింది. ఇది కొనాలి. ఇందులో మీరొక ఆఫీసు ఉద్యోగి. ఒక పక్క నుంచి అంకెలు వస్తాయి, బాస్ చెప్పినట్టు మార్చి మరో పక్కకి పంపాలి. ఇచ్చేవి పదకొండు ఆదేశాలే. తీసుకో, పంపు, కూడు, తీసెయ్, సున్నా అయితే అక్కడికి దూకు, ఇలా. వాటితోనే చివరికి సంఖ్యల్ని క్రమంలో పెట్టేదాకా వెళ్తారు. ప్రతి లెవెల్‌లోనూ రెండు సవాళ్లుంటాయి: తక్కువ ఆదేశాలతో రాయడం, తక్కువ అడుగుల్లో ముగించడం. రెండూ ఒకేసారి కుదరని సందర్భాలు ఎదురవుతాయి. అల్గారిథమ్స్ పుస్తకంలో బట్టీ పట్టిన స్పేస్, టైమ్ బేరం చేతికి తగిలేది అప్పుడే.

ఇంటర్వ్యూలో చెప్పొచ్చా?

రెజ్యూమెలో హాబీల కింద ‘ప్లేయింగ్ మొబైల్ గేమ్స్’ అని రాస్తే ఉపయోగం లేదు. అది అందరూ చేసేదే. అసలు ఆ లైన్ లేకపోయినా నష్టం లేదు. కానీ ‘మీకు కొరుకుడు పడని సమస్య ఒకటి చెప్పండి, ఎలా పరిష్కరించారు?’ అన్న ప్రశ్న హెచ్‌ఆర్ రౌండ్లో వస్తే, చెప్పడానికి మీ దగ్గర నిజమైన పద్ధతి ఉంటుంది. ఆట గురించి రెండు ముక్కలు చాలు. మిగతాదంతా అక్కడి నుంచి మీ ప్రాజెక్టులోకి రావాలి.

ఉదాహరణకి ఇలా: ‘ఏదైనా ఆగిపోయినప్పుడు తెలిసినవీ అనుకున్నవీ విడివిడిగా రాసుకుంటానండి. ఇది ఒక పజిల్ గేమ్ ఆడుతూ అలవాటు చేసుకున్నాను. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో లాగిన్ పనిచేయకపోతే పాస్‌వర్డ్ భాగంలోనే తప్పుందని రెండు రోజులు అదే చూశాం. రాసుకుని చూస్తే, డేటాబేస్ కనెక్ట్ అవుతోందన్నది మేం పరీక్షించలేదు, అనుకున్నామంతే. తప్పు అక్కడే దొరికింది.’ ఇది నమూనా మాత్రమే. మీ ప్రాజెక్టులో మీకు జరిగిందే చెప్పాలి. అరువు తెచ్చుకున్న కథ రెండో ప్రశ్నకే తేలిపోతుంది.

ఇక్కడ ఇంకో ఉదాహరణ పనికొస్తుంది. 2014 ఫిబ్రవరిలో ‘త్రీస్’ అనే అంకెల పజిల్ వచ్చింది. ఆషర్ వోల్మర్, గ్రెగ్ వోల్‌వెండ్ దాని మీద 14 నెలలు పనిచేశారు. నెల తిరగ్గానే అలాంటి ఆలోచనతోనే ‘2048’ వచ్చి ప్రపంచమంతా పాకింది. దాన్ని రాసింది గాబ్రియేలె చిరుల్లి అనే 19 ఏళ్ల ఇటలీ కుర్రాడు, ఒక వారాంతంలో. కోడ్‌ని కూడా ఉచితంగా అందరి ముందూ పెట్టేశాడు. అప్పుడు ‘త్రీస్’ వాళ్లు తమ మధ్య నడిచిన ఈమెయిళ్లని బయటపెట్టారు. అన్ని నెలల్లో ఏమేం ప్రయత్నించారో, ఏవి పారేశారో, ఎందుకు పారేశారో వాటిలో కనపడుతుంది. చివరికి మిగిలిన ఆట చాలా చిన్నది, సాదాసీదాగా ఉంటుంది. కానీ దాని వెనక జరిగిన పనిని వాళ్లు చూపించగలిగారు, ఎందుకంటే రాసిపెట్టుకున్నారు. మీ ప్రాజెక్టు అవుట్‌పుట్‌ని మీ క్లాసులో మరో పది మంది చూపిస్తారు. మీరు పారేసిన దారుల జాబితా మాత్రం మీ దగ్గరే ఉంటుంది.

తయారుచేయాలనిపిస్తే

ఆడుతూ ఆడుతూ ‘ఇలాంటిది నేనూ చేయొచ్చేమో’ అనిపించేవాళ్లు కొందరుంటారు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ‘పజిల్‌స్క్రిప్ట్’ అని స్టీఫెన్ లావెల్ 2013లో తెచ్చిన చిన్న భాష ఉంది. బ్రౌజర్‌లోనే రాసి అక్కడే ఆడి చూసుకోవచ్చు, ఉచితం. దిమ్మెల్ని నెట్టే తరహా పజిల్స్‌కి అది సరిగ్గా సరిపోతుంది. అక్కడ చేయి తిరిగాక ‘గోడో’ లాంటి ఉచిత గేమ్ ఇంజిన్‌కి వెళ్లొచ్చు. ఏటా జనవరిలో గ్లోబల్ గేమ్ జామ్ జరుగుతుంది. 2009 నుంచి ప్రపంచవ్యాప్తంగా నడుస్తోంది. ముందే బృందం ఉండాలని లేదు. గేమ్ రంగంలో ఉన్నవాళ్లందరూ కలిసే ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ కూడా చాలా ఏళ్లు హైదరాబాద్‌లోనే జరిగింది.

అయితే ఒక మాట. గేమ్ స్టూడియోల్లో ఫ్రెషర్లకి ఉండే ఖాళీలు సర్వీసు కంపెనీలతో పోలిస్తే తక్కువ. ఇంట్లో పరిస్థితి బట్టి ముందు వచ్చిన ఉద్యోగంలో చేరి, సాయంత్రాలు ఈ పని చేసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. చేసిన ఆట అయిదు లెవెల్స్‌దైనా సరే, పూర్తయి నలుగురు ఆడగలిగేలా ఉంటే, సగంలో ఆగిన పెద్ద ప్రాజెక్టు కన్నా అదే బాగా మాట్లాడుతుంది. మీ ఆటని స్నేహితుడి చేతికిచ్చి పక్కన మాట్లాడకుండా కూర్చోండి. తెలిసిపోతుందిలే అని మీరు చెప్పకుండా వదిలేసిన సంగతి దగ్గరే అతను ఆగిపోతాడు. ఆ తడబాటుని గమనించి సరిదిద్దడం నేర్చుకుంటే, యాప్ డిజైన్, టెస్టింగ్, టీచింగ్ ఏ వైపు వెళ్లినా పనికొస్తుంది.

చదువు అయిపోయి, నోటిఫికేషన్ రాక, ఆఫర్ లెటర్ రాక ఎదురుచూసే నెలల్లో మన చుట్టూ చాలా వాక్యాలు చేరతాయి. బీటెక్‌లో బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లని ఎవరూ పిలవరు. తెలుగు మీడియం వాళ్లు ఇంటర్వ్యూ దాటలేరు. గ్యాప్ వస్తే ఇక అంతే. వీటిలో కొన్ని నిజంగానే నియమాలు. కొన్ని కంపెనీలు బ్యాక్‌లాగ్ ఉంటే దరఖాస్తే తీసుకోవు, దాన్ని ఒప్పుకుని ఆ సబ్జెక్టు పూర్తిచేయాల్సిందే. మరికొన్ని ఎక్కడా రాసిలేనివి, ఎవరో అంటే మనం నమ్మినవి. ఈ వారం ఒక దరఖాస్తు నింపే ముందు ఆ నోటిఫికేషన్‌లోని అర్హతల పేరా పూర్తిగా చదవండి. పక్కన రెండు వరసలు గీసుకోండి. మీరు మానేద్దామనుకున్న కారణం ఏ వరసలో పడుతుందో చూడండి.